కుండీలో పూసేది బ్రహ్మకమలం కాదు, పూలలోయకి నాలుగు రోజులు చాలవు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఉత్తరాఖండ్‌లోని పూలలోయ, అదే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ మీద ఒక పేజీ వేశారు. ఆ పేజీ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే వాదన. పైన పెద్దగా వేసిన ఫొటో చూసి మా ఇంటామె, "ఇది మన కుండీల పువ్వు కదా" అంది. అద్దాలు పెట్టుకుని చూశాను. నిజమే. రాత్రి పూట విచ్చుకుని తెల్లారేసరికి మెడ వాల్చేసే తెల్లపువ్వు. దాని కింద మీరు 'హిమాలయాల్లో విరిసే బ్రహ్మకమలం' అని రాశారు.

ఆ పేరు మీరు పెట్టింది కాదని తెలుసు. మన దగ్గర అందరూ అలాగే అంటారు. మా వాడలో ఆ మొక్క పూసిన రాత్రి పక్కిళ్ల ఆడవాళ్లు పసుపు కుంకుమ పట్టుకుని వస్తారు, పిల్లలు ఫోన్లు పట్టుకుని వస్తారు. కానీ అది మెక్సికో వైపు అడవుల్లోంచి వచ్చిన కాక్టస్ జాతి మొక్క. ఆకు ముక్క మట్టిలో గుచ్చి కాస్త నీడలో పెడితే మా సిరోంచ ఎండల్లో కూడా బతికేస్తుంది. అసలు బ్రహ్మకమలం చెట్లు కూడా పెరగని ఎత్తులో, రాళ్ల సందుల్లో వస్తుంది. లేత పసుపూ ఆకుపచ్చా కలిసిన పలచని పొరలు కాగితంలా ముడుచుకుని ఉంటాయి, వాటి లోపల వంకాయ రంగు పూలగుత్తి దాక్కుని ఉంటుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. నేను లోయ దగ్గరి ఊరు ఘంగారియాలో ఫొటోలో చూశాను తప్ప కళ్లతో చూడలేదు. ఎందుకు చూడలేకపోయానో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫొటోలో తప్పు చిన్నదే. పేజీ చివర పెట్టెలో వేసిన 'నాలుగు రోజుల ప్లాన్' ఉంది చూడండి, అది నమ్మి బయల్దేరితే మనిషి ఏడుస్తాడు.

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ. గోదావరి దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే చెన్నూరు. నేను బడిలో చదివింది మరాఠీ. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష, అక్షరాలు మాత్రం నది అవతలి నుంచి వచ్చే పేపర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవి. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. ఎస్టీ బస్సుల్లో, అంటే మహారాష్ట్ర ఆర్టీసీలో, 31 ఏళ్లు కండక్టర్‌గా చేశాను. ఆహేరి, ఆలపల్లి, భామ్రాగడ్ నా రూట్లు. ఏ టైం టేబుల్ చూసినా అందులో అబద్ధం ఎక్కడుందో ఇట్టే పట్టేస్తానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. పోయినేడు అది దిగింది.

మీ ప్లాన్‌లో మొదటి రోజు హరిద్వార్, రెండో రోజు జోషీమఠ్, మూడో రోజు గోవింద్‌ఘాట్ మీదుగా ఘంగారియా, నాలుగో రోజు పొద్దున లోయ చూసి సాయంత్రానికి కిందికి. అచ్చం పోయినేడు నేను వేసుకున్నదే. పాత వేబిల్లు కాగితాల వెనక గీతలు కొట్టి, స్టాపు పేరు, చేరే టైం, బయల్దేరే టైం రాసుకున్నాను. ఎంత ముద్దుగా ఉండేదో ఆ కాగితం. మా బామ్మర్ది చూసి, "బావా, ఇందులో ఒంటేలుకి ఆగే టైం కూడా పెట్టలేదే" అన్నాడు. వాడికి ప్రయాణాల సంగతి ఏం తెలుసులే అనుకున్నాను.

మీ పేజీ 'హైదరాబాద్ నుంచి విమానంలో డెహ్రాడూన్ చేరుకుని' అని మొదలైంది. మా సిరోంచ వాళ్లకి విమానం నెత్తి మీద నుంచి పోవడమే తెలుసు. మేము ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు, అక్కణ్నుంచి మంచిర్యాల పోయి ఢిల్లీ రైలు ఎక్కాలి. వంతెన పడక ముందు పడవలో దాటి పోయేవాళ్లం, ఇప్పుడు ఆ బాధ లేదు. ఎస్టీలో 65 దాటిన వాళ్లకి సగం టికెట్, 75 దాటితే అసలు టికెట్టే లేదు. ఆడవాళ్లకి 2023 నుంచి సగమే. రైల్లో మాత్రం పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో తీసేశాక మళ్లీ ఇవ్వలేదు. ముసలివాళ్లు తీర్థయాత్రలకి పోయేది రైళ్లలోనే కదా అని నాకు అనిపిస్తుంది, సరే, అది వేరే ఉత్తరం.

హరిద్వార్ నుంచి జోషీమఠ్ 275 కిలోమీటర్లు. మా వైపు ఆ దూరం ఏడు గంటలకి మించదు. అక్కడ తెల్లారక ముందే బస్సు ఎక్కి, అన్నీ సవ్యంగా ఉంటే పొద్దు గూకే వేళకి దిగుతారు. రాత్రి పూట ఆ కొండదారిలో బస్సులు నడవవు. డ్రైవర్ పక్క సీటు అడిగి కూర్చున్నాను, పాత అలవాటు. దారి పొడుగునా సంగమాలే. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసి గంగ అవుతాయి. ఆ తరువాత రుద్రప్రయాగలో మందాకిని, కర్ణప్రయాగలో పిండర్, నందప్రయాగలో నందాకిని వచ్చి అలకనందలో కలుస్తాయి. సంగమం పక్కన పుట్టి పెరిగిన వాణ్ని, రెండు నీళ్లు కలవడం నాకు కొత్త కాదు. అయినా దేవప్రయాగ దగ్గర పైనుంచి కిందికి చూసి నేనే డ్రైవర్‌ని "రెండు నిమిషాలు ఆపు భయ్యా" అని అడిగాను. 31 ఏళ్లలో నన్ను అలా అడిగిన ఎంతమందికి ఆపకుండా డబుల్ బెల్ కొట్టానో.

కర్ణప్రయాగ దాటాక బండ్లు ఆగిపోయాయి. ముందు ఎక్కడో కొండచరియ విరిగి పడింది. జేసీబీ మట్టి ఎత్తుతుంటే పైనుంచి మళ్లీ రాళ్లు దొర్లుతున్నాయి, దాంతో పని ఆపి మళ్లీ మొదలుపెడుతున్నారు. ఏడు గంటలు అక్కడే. చీకటి పడేసరికి దారి తెరిచినా బస్సు ముందుకి పోలేదు, దగ్గర్లోని చిన్న ఊళ్లో పడుకున్నాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాళ్లు పడ్డందుకు కాదు. వానాకాలం భామ్రాగడ్ రూట్‌లో నేను ఎన్ని రాత్రులు ఇలా గడిపానో గుర్తొచ్చింది. పర్లకోట నది పొంగితే భామ్రాగడ్‌కి దారి తెగిపోతుంది, ఏటా జరిగేదే. నైట్ హాల్ట్‌కి పోయిన బస్సు నీళ్లు దిగేదాకా అక్కడే ఉంటుంది. ప్యాసింజర్లు తిట్టేవాళ్లు. "వానాకాలం ప్రయాణం పెట్టుకుంటే ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి దాదా" అని నేనే వాళ్లకి చెప్పేవాణ్ని. అదే నేను, ఆగస్టు నెలలో హిమాలయాలకి పోతూ ఒక్క పూట కూడా చేతిలో ఉంచుకోలేదు.

ఇక పరుగు మొదలైంది. ఒక రోజు పోయింది, తిరుగు రైలు టికెట్ మాత్రం కదలదు. జోషీమఠ్‌లో ఆగి ఒంటిని చలికి, ఎత్తుకి అలవాటు చేసుకోవాలన్నది ప్లాన్‌లో నేను రాసుకున్న ఒకే ఒక్క మంచి మాట, దాన్నే కొట్టేశాను. గోవింద్‌ఘాట్‌లో దిగి, జీపులో నాలుగు కిలోమీటర్లు పుల్నా దాకా పోయి, అక్కణ్నుంచి నడక. పదికి కాస్త అటూ ఇటుగా కిలోమీటర్లు, దాదాపు అంతా ఎక్కుడే. మా ఊరు సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. ఘంగారియా 3,000 మీటర్లు దాటి ఉంటుంది. మీ పేజీలో పూల రంగులు తొమ్మిది రాశారు, ఎత్తు ఎంతో ఒక్కచోట రాయలేదు.

మా ఇంటామె సగం దూరం నడిచి, మిగతా సగం కంచరగాడిద మీద వచ్చింది. సాయంత్రానికి తలనొప్పి, రాత్రికి వాంతులు. నేను టీ తాగించి దుప్పట్లు కప్పాను, అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు. అక్కడి మందుల షాపతను చెప్పిందే నయం: ఈ స్థితిలో ఇంకా పైకి పోవద్దు, నీళ్లు తాగిస్తూ పడుకోబెట్టండి, తెల్లారేసరికి తగ్గకపోయినా, మాట తడబడినా, ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దించేయండి. కిందికి దిగడమే దానికి మందట. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు బలంగా ఉన్నవాళ్లకీ వస్తుంది, వయసుతో పని లేదు. ఊళ్లోనే డాక్టర్‌ని కలిసి, బీపీ, షుగర్ మందులతో పాటు దీని సంగతి కూడా అడిగి ఉంటే ఆ రాత్రి అంత టెన్షన్ పడేవాణ్ని కాదు.

మర్నాడు పొద్దున ఆమెకి నెమ్మదించింది. బయట వాన. పదకొండున్నరకి ఆమె లేచి కూర్చుని నాలుగు ముద్దలు పప్పన్నం తిని, "నా పక్కన కూర్చుంటే ఏమొస్తది, నువ్వన్నా పోయి చూసి రా పో" అంది. బామ్మర్దీ నేనూ వానలోనే బయల్దేరాం. నా మోకాళ్లు ముందు రోజు నడకకే అలిగి ఉన్నాయి. పార్కు గేటు ఊరి చివరి నుంచి దగ్గరే, కానీ మేము చేరేసరికి టికెట్ కిటికీ మూసేశారు. మధ్యాహ్నం దాటితే లోపలికి పంపరు. లోయలో రాత్రి ఎవరూ ఉండకూడదు, గుడారం కూడా వేసుకోనివ్వరు, అందుకని సాయంత్రానికి లోపలున్న అందరూ బయటికి వచ్చేయాలి. గార్డు కుర్రాడు మర్యాదగానే, "బాబూజీ, కల్ సుబహ్ ఆయియే" అన్నాడు. రేపు పొద్దున నేను కొండ దిగుతుండాలి. కోపం రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ ఏమనగలను? బస్సు కదిలాక చెయ్యెత్తుకుంటూ పరిగెత్తిన వాళ్లని నేను ఎంతమందిని వదిలేసి ఉంటాను!

గేటు దగ్గర దారి పక్కన గులాబీ రంగు పూలు గుంపుగా ఉన్నాయి, బాల్సమ్ అన్నారు. నేను చూసిన పూలలోయ అంతే. ఘంగారియాలో సాయంత్రం లోయ గురించి చిన్న ఫిల్మ్ వేస్తారు. పూలు చూడ్డం కుదరని వాడు పూల సినిమా చూశాడని బామ్మర్ది ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు.

ఆ ఫిల్మ్ వల్ల కొన్ని సంగతులు తెలిశాయి, మీ పేజీలో అవి లేవు కాబట్టి రాస్తున్నాను. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లిష్ పర్వతారోహకుడు, ఆయన తోటివాళ్లు దారి తప్పి ఈ లోయలోకి వచ్చారు. బయటి ప్రపంచానికి ఈ పేరు అప్పటి నుంచే తెలుసు. 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆవిడ మొక్కల మీద పరిశోధనకి వచ్చి, రాళ్ల మీద కాలు జారి పడి చనిపోయింది. ఆమె సమాధి లోయలోనే ఉంది. 1982లో దీన్ని నేషనల్ పార్కు చేశారు, 87.5 చదరపు కిలోమీటర్లు. 2005లో యునెస్కో జాబితాలో నందాదేవి పార్కుతో కలిపారు. పార్కు చేశాక గొర్రెల మేత ఆపేశారు. ఆ తరువాత పాలిగోనం అనే పొదల్లాంటి కలుపు బాగా అల్లుకుపోయి పూల మొక్కల్ని కప్పేయసాగింది. ఏటా అటవీ శాఖ వాళ్లు దాన్ని పీకిస్తుంటారు. మేత ఆపడం వల్లే కలుపు పెరిగిందని కొందరంటారు, కాదని కొందరు. మా అడవుల్లో మేకల మీద జరిగే పంచాయితీ లాంటిదే ఇది, ఎవరి మాట ఖాయం అని నేను చెప్పలేను.

ఇంకొక మాట. 'ఎప్పుడు వెళ్లినా పూల తివాచీ' అని మీరు రాశారు. పార్కు జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంటుంది, ఆ మాట నిజం. కానీ జూన్‌లో దారిలో ఇంకా మంచు ఉంటుంది, పూలు అప్పుడే మొదలవుతాయి. జూలై నడిమి నుంచి ఆగస్టు ఆఖరు దాకానే పూల జోరు. సెప్టెంబర్‌లో ఆకులు పసుపెక్కి పూలు గింజలవుతాయి. అంటే పూలు కావాలంటే వానలోనే పోవాలి, వానంటే కొండచరియలు. దీనికి వేరే దారి లేదు. 2025 మార్చిలో గోవింద్‌ఘాట్ దగ్గర కొండ విరిగి పడి అలకనంద మీది వంతెనే కూలిపోయింది, తరువాత అక్కడ ఇనుప ముక్కలు బిగించి కట్టే బెయిలీ వంతెన వేశారు. అప్పుడు వానాకాలం కూడా కాదు.

ఈ ఏడు మళ్లీ పోతున్నాం. ఈసారి కాగితం వేరు. ప్రతి డిపోలో ఒక స్పేర్ బండి ఉంటుంది. అది ఊరికే నిలబడి ఉంటే కొత్తగా వచ్చిన పెద్దసారు ఎవరైనా "దీన్ని రూట్‌కి ఎందుకు పంపరు?" అని అడుగుతాడు. ఏదైనా బండి దారిలో ఆగిపోయిన రోజున మళ్లీ అడగడు. నా ప్లాన్‌లో ఈసారి రెండు స్పేర్ రోజులు పెట్టాను, ఒకటి జోషీమఠ్ లెక్కలో, ఒకటి ఘంగారియా లెక్కలో. మంచిర్యాలలో ఎక్కి ఢిల్లీ, అక్కణ్నుంచి హరిద్వార్‌లో ఒక పూర్తి రోజు. మర్నాడు జోషీమఠ్. ఆ తరువాతి రోజు ఎక్కడికీ పోకుండా జోషీమఠ్‌లోనే, ఊళ్లో నరసింహస్వామి గుడికి నడిచి రావడం, అంతే. దారిలో రాళ్లు పడి ఆలస్యమైతే పోయేది ఈ రోజే. తరువాత ఘంగారియాలో నాలుగు రాత్రులు. చేరిన మర్నాడు పొద్దునే గేటు తెరిచే టైంకి లోయ. వాన మరీ గట్టిగా ఉంటే ఆ పని తరువాతి రోజుకి. గుర్రాల్ని లోయలోకి రానివ్వరు కాబట్టి మా ఇంటామె నడవగలిగినంత నడుస్తుంది, లేదంటే వీపున బుట్టలో మోసే కండి వాళ్లు ఉంటారు.

అసలు బ్రహ్మకమలం కోసం మాత్రం హేమ్‌కుండ్ దారి పట్టాలి. ఘంగారియా నుంచి ఆరు కిలోమీటర్లు, నిట్టనిలువు ఎక్కుడు, 4,000 మీటర్లు దాటుతుంది. పైన సరస్సు ఒడ్డున సిక్కుల గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. అక్కడా రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నానికల్లా దిగడం మొదలుపెట్టాలి. ఆమె కంచరగాడిద మీద వస్తుంది. తలనొప్పి అని ఒక్క మాట అన్నా వెనక్కి తిరుగుతామని ముందే ఒప్పందం చేసుకున్నాం. పువ్వు కనిపిస్తే చూడ్డమే, కోయకూడదు. తెంపి పూజలో పెడదామని ఆమెకి ఇంకా మనసులో ఉంది, నేను రోజూ చెబుతున్నాను.

దిగేటప్పుడు రోజు మిగిలితే బదరీనాథ్, ఆ పైన మానా అనే ఊరు. అక్కడ సరస్వతి నది రాళ్ల మధ్య నుంచి గర్జిస్తూ కళ్లెదుటే కనిపిస్తుందట. మా కాళేశ్వరం త్రివేణి సంగమంలో సరస్వతి అంతర్వాహిని, ఎవరికీ కనపడదు. పుట్టినప్పటి నుంచి పేరు వింటూ ఒక్కసారీ చూడని నది. నిజం చెప్పాలంటే నాకు పూల కన్నా దాని మీదే ఆశ.

మీ పాఠకుల్లో నాలాంటి వాళ్లు, నది ఒడ్డు ఊళ్ల వాళ్లు, జిల్లా చివరి వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి పనికొచ్చేవి రెండు మూడు చెబుతాను. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్లు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. ఆగస్టు మొదటి వారం ప్రయాణానికి జూన్ మొదటి వారంలో కూర్చోవాలి. తిరుగు టికెట్ కూడా స్పేర్ రోజులు లెక్కేసుకునే తీయాలి, నా తప్పు అక్కడే జరిగింది. బదరీనాథ్, హేమ్‌కుండ్ యాత్రకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు తప్పనిసరి. నగదు కిందే తీసి పెట్టుకోండి. గోవింద్‌ఘాట్ నుంచి ఘంగారియాకి హెలికాప్టర్ ఉంది కానీ మబ్బు కమ్మితే ఎగరదు, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. గోవింద్‌ఘాట్‌లో, ఘంగారియాలో గురుద్వారాల్లో పడుకోవడానికి చోటు, లంగర్‌లో అన్నం దొరుకుతాయి. పోయినేడు నేను నా భార్య పక్కన కూర్చున్న పూట మా ఇద్దరికీ పప్పూ అన్నమూ గిన్నెలో పెట్టించి తెచ్చింది మా బామ్మర్ది అక్కణ్నుంచే.

రోజూ పొద్దున్నే మేమిద్దరం గోదావరి వంతెన మీద అటు చివరి దాకా నడిచి వస్తున్నాం. సిరోంచలో ఎక్కడానికి కొండ ఎక్కడుంది? అవతల కాళేశ్వరం ఘాట్ మెట్లే మాకు హిమాలయం. ఆమె ఇప్పుడు నాకన్నా ముందు ఎక్కుతోంది.

దయచేసి మీ నాలుగు రోజుల ప్లాన్‌ని సవరించి వేయండి. కనీసం 'వానాకాలంలో రెండు రోజులు అదనంగా ఉంచుకోండి, ఘంగారియా ఎత్తు 3,000 మీటర్ల పైన' అని రెండు వాక్యాలు. ఫొటో కూడా మార్చండి. మా బుకింగ్ ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, బామ్మర్ది ఫోన్ చార్జింగ్ పెట్టుకుని కూర్చుంటాడు. అసలు బ్రహ్మకమలం ఫొటో మీరు వేస్తే కత్తిరించి దగ్గర పెట్టుకుంటానని, కొండ మీద పోల్చి చూసుకోవడానికి పనికొస్తుందని మా ఇంటామె మీకు ప్రత్యేకంగా రాయమంది.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ ఎస్టీ కండక్టర్,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర